ఒంటిగంట ఫోటో

ముఖం పంపవే అంటే టీ గ్లాసు పంపింది మా ఫెబా. అది మొదటి రోజు.

సినిమాల్లో కాస్ట్యూమ్స్ పని దొరికిందని అది ఇంట్లో గంతులేసిన రోజు నుంచీ నాకు అన్నం సయించలేదు. ఇరవై మూడేళ్ల ఆడపిల్ల. షూటింగ్ అంటే పైన లైట్లు వేలాడుతుంటాయి, కింద వైర్లు పాకుతుంటాయి. ఏది ఎప్పుడు ఎవరి నెత్తిన పడుతుందో చెప్పలేం. ఒంటిగంటకు భోజనాలకు బ్రేక్ చెబుతారు కాబట్టి, ఆ వేళకు రోజూ ఒక ఫోటో పంపి తీరాలని షరతు పెట్టాను. రాకపోతే ఆటో ఎక్కి షూటింగ్ దగ్గరికే వచ్చేస్తానన్నాను. వస్తానని దానికి తెలుసు. ఇంటర్ చదివేటప్పుడు ఒకరోజు వానకు ఆలస్యమైతే గొడుగూ, టార్చిలైటూ, దాని బాప్తిస్మం సర్టిఫికెట్టూ పట్టుకుని కాలేజీ గేటు దగ్గర నిలబడ్డదాన్ని.

"నీ మొహం ఏదే?" అని ఫోన్ చేశాను.

"టీ తాగింది నేనేగా అమ్మా. గ్లాసు పట్టుకున్న వేళ్లు నావేగా. బతికే ఉన్నా."

"ఆ మాట అనకు."

"సరే, అనను. రోజూ పంపుతా. కానీ నువ్వూ పంపాలి. ఒకటికి ఒకటి."

"ఇంట్లో పడుండేదాన్ని, నేనేం పంపను?"

"ఏం కనిపిస్తే అది."

మేముండేది ఫిల్మ్ నగర్ వెనక బస్తీలో, ఏటవాలు సందులో, రెండో అంతస్తు. ఫెబా వాళ్ల నాన్న ప్రేమ్ చంద్ ఒక డబ్బింగ్ థియేటర్ గేటు దగ్గర సెక్యూరిటీ. నేను ఇంట్లో చీరలకు ఫాల్స్ కుడతాను, పీకో చేస్తాను, బిగుతైన జాకెట్లు వదులు చేసిస్తాను. తొమ్మిదితో చదువు ఆగిపోయింది గానీ చేతిలో సూది ఆగలేదు.

నాకు రోజూ ఏం కనిపిస్తాయో అవే తీశాను. మొదటి రోజు సందులో కిందికి వేలాడుతున్న కరెంటు వైరు. రెండో రోజు ఆపేసిన గ్యాస్ నాబ్. మూడో రోజు మెట్ల మీద ఎవరో పారేసిన అరటితొక్క.

"అమ్మా, ఇవి ఫోటోలా, పోలీసు కేసు కాయితాలా?" అని నవ్వింది ఫెబా.

నవ్వితే నవ్వింది. అయినా మానలేదు. వైరు పడిపోయిందేమోనని రోజూ చూస్తుంటే, ఒకరోజు దాని మీద ఎవరింటి నుంచి ఎగిరొచ్చిందో పసిపిల్ల సాక్సు ఒకటి వేలాడుతోంది. బొటనవేలంత సాక్సు. తీసి పంపాను. అరటితొక్కల కోసం మెట్లు చూస్తుంటే, మేడ మీద గదిలో ఉండే అచ్యుతరామయ్య గారు మలుపులో మేకుకు తగిలించిన అద్దం ముందు నిలబడి గడ్డం దువ్వుకుంటున్నారు. ఆయన సినిమాల్లో జడ్జిగానూ, పెళ్లిపెద్దగానూ, గుడి పూజారిగానూ వేస్తుంటారు. ఆ గడ్డం నాలుగు నెలలుగా గీయించుకోలేదు.

"దురద పుట్టదా బాబాయి గారూ?" అని అడిగాను.

"పుట్టకేం? కానీ ఈ గడ్డం నాది కాదు పుష్పమ్మా, కంపెనీది. జూన్‌లో గడ్డంతో గుమ్మంలోకి వచ్చాను. కుర్చీలో కూర్చునేది డిసెంబరులో తీస్తారట. సినిమాలో అది ఒక్క నిమిషం. గుమ్మంలో గడ్డం ఉండి, కుర్చీలో నున్నగా ఉంటే జనం నవ్వరూ? దీన్నే కంటిన్యుటీ అంటారు. మీ అమ్మాయి చేసే పని అదే."

గడ్డం సంగతి బాగా అర్థమైంది. అది బట్టలకు కూడా వర్తిస్తుందని మాత్రం నా బుర్రకు తట్టలేదు.

ఫెబా పంపేవి కూడా అలాంటివే. మధ్యాహ్నం కునుకు తీస్తున్న లైట్‌మ్యాన్ తలకింద మడతపెట్టిన తువ్వాలు. ఒకే గొడుగు నీడలో నిలబడ్డ నాలుగు జతల చెప్పులు. నేను ముందు ఆ ఫోటో మూలలన్నీ వెతికేదాన్ని. వైర్లకు టేపు చుట్టారా, నిచ్చెన సరిగ్గా ఆనించారా అని. అన్నీ బాగున్నాయనుకున్నాక అసలు ఫోటో చూసేదాన్ని. ముఖం మాత్రం ఒక్కరోజూ లేదు.

ఇలా జూన్ నుంచి నవంబరు దాకా గడిచింది. అప్పుడు వచ్చింది అరకు మాట.

డిసెంబరులో ముప్పై రోజుల షెడ్యూల్. ఘాట్ రోడ్డు, మంచు, లోయలు. కాస్ట్యూమ్ చీఫ్ త్రినాథరావు గారు ఫెబాను తీసుకెళతానన్నారట. ఇక్కడి షెడ్యూల్లో ఒక్క తప్పూ లేకుండా కంటిన్యుటీ చూసుకుంటే అరకు. అక్కడా బాగా చేస్తే యూనియన్ కార్డుకు తానే సిఫార్సు చేస్తానన్నారట. దాని ముఖం చూసి నేను వద్దనలేకపోయాను. కానీ రోజూ ప్రార్థనలో ప్రభువును అడిగింది ఒక్కటే. ఈ ప్రయాణం ఎలాగైనా తప్పించు తండ్రీ.

రెండో ఆదివారం సినిమా వాళ్లందరికీ సెలవు. ముందురోజు సాయంత్రం ఫెబా ఒక గుడ్డసంచితో ఇంటికి వచ్చింది. జూబ్లీహిల్స్‌లో షూటింగులకు అద్దెకిచ్చే బంగళాలో పని. సంచి తలుపు వెనక మేకుకు తగిలిస్తూ ఏదో చెప్పింది. సరిగ్గా అప్పుడే కుక్కర్ కూత పెట్టింది.

"అమ్మా, అది వాష్‌కి..." కూత. "...తెచ్చా."

"సరే సరే, రేపు చూస్తా. కాళ్లు కడుక్కో ముందు" అన్నాను.

ఆదివారం పొద్దున మా ఆయన మొదటి ఆరాధనకు వెళ్లిపోయారు. ఫెబా దుప్పటి ముసుగుతన్ని పడుకుంది. నేను సంచి విప్పాను. లేత నీలం చారల షర్టు. తిప్పి చూద్దును కదా, కాలరు నుంచి ఎడమ పక్కటెముకల దాకా ఎర్రటి మరక. అరచేయంత వెడల్పున గట్టిపడిపోయి ఉంది. జేబు ఒక మూలన ఊడి వేలాడుతోంది. మూడో గుండీ సగం విరిగింది. కుడి మోచేతి దగ్గర మట్టి.

మెల్లిగా దుప్పటి ఎత్తి పిల్ల చేతులు చూశాను, కాళ్లు చూశాను, జుట్టు పక్కకి తీసి మెడ చూశాను. ఒక్క గీత లేదు. మరి ఎవరి రక్తం ఇది? మా ఇంటికెందుకు వచ్చింది? రేపు ఎవరైనా తలుపు కొట్టి అడిగితే? మా దగ్గరికి వచ్చేసరికే ఇలా ఉందని చెప్పడానికి ఆధారం ఉండాలి కదా. షర్టును కిటికీ దగ్గర వెలుతురులో మంచం మీద పరిచాను. మొత్తం ఒక ఫోటో తీశాను. మరక దగ్గరగా రెండు. జేబు, గుండీ, మోచెయ్యి, వీపు. ఏడు ఫోటోలు. మరక ఎంత పొడవుందో తెలియాలని పక్కన నా కొలతల టేపు కూడా పెట్టాను.

సంచి పట్టుకుని కిందికి పరిగెత్తాను. సందు మొదట్లో తిరుమలేశ్ ఇస్త్రీ బండి. సగం సినిమా వాళ్ల బట్టలు అతని చేతి మీదుగానే పోతాయి.

"తిరుమలేశ్, ఇది చూడయ్యా. ఇది... రక్తమేనా?"

అతను షర్టు ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "నువ్వు గూడ వాసన జూడక్కా. షర్బత్ లెక్క లేదా? సిన్మా రక్తమిది. తియ్యగుంటది. మొన్న గిట్లాంటి అంగీకే నా బండిమీద చీమలు వట్టినయ్. ఏదో ఖూనీ అయినట్టు గంత వణుకుతున్నవేంది?"

"హమ్మయ్య. అయితే ఉతికితే పోతుందా?"

"పోతది. గానీ పిల్లనడిగినవా?"

"ఉతకమనే తెచ్చిందయ్యా."

"అయితే ఫికర్ లేదు తియ్."

ప్రాణం లేచొచ్చింది. ఆ సంతోషంలో ఎంత శ్రద్ధగా ఉతికానో చెప్పలేను. చన్నీళ్లలో నానబెట్టి, నిమ్మచెక్కతో రుద్ది, రెండుసార్లు సబ్బు పెట్టాను. మోచేతి మట్టి బ్రష్షుతో వదిలించాను. జేబు కనిపించని కుట్టుతో కుట్టాను. విరిగిన గుండీ తీసేసి అలాంటిదే కొత్తది వేశాను. మేడ మీద దండేనికి వేసి, మడతలు పడకుండా చేత్తో లాగుతుంటే అచ్యుతరామయ్య గారు గదిలోంచి కాఫీ గ్లాసుతో బయటికొచ్చారు.

"ఎవరిది పుష్పమ్మా షర్టు?"

"ఫెబా తెచ్చిందండీ, షూటింగ్ నుంచి. పాపం చూడండి, ఎంత అధ్వాన్నంగా ఉంచారో! ఇప్పుడు కొత్తదానిలా లేదూ?"

ఆయన గ్లాసు పిట్టగోడ మీద పెట్టేశారు. ఒక చెయ్యి గడ్డం మీదికి పోయింది.

"తల్లీ... రేపు షూటింగుందా ఈ షర్టుకి?"

ఆయన గడ్డం పట్టుకున్న తీరు చూశాక నాకు అర్థమైంది. గుమ్మం. కుర్చీ. నున్నగా.

షర్టును వెలుతురుకు తిప్పి, మరక ఎక్కడైనా మిగిలిందేమోనని వెతికాను.

ఫెబాను లేపి నేనే చెప్పాను. దాచే ధైర్యం లేదు. అది ఒక్క ఉదుటున మేడ మీదికి వచ్చి, దండెం మీద గాలికి ఊగుతున్న షర్టు చూసి, మెట్ల మీద కూర్చుంది. తిట్టినా బాగుండేది.

"వాష్‌కి వెళ్లిపోకుండా తెచ్చానన్నానమ్మా" అంది. "వ్యానులో ఉంటే ఎవరైనా పొరపాటున ఉతికేస్తారని. అక్కడెవరినీ నమ్మలేక ఇంటికి తెచ్చుకున్నా."

"కుక్కర్... మధ్యలో మాట వినపడలేదే తల్లీ. ఇంకో షర్టు ఉండదా? రెండేసి పెడతారంటావుగా."

"రెండోది డూపు వేసుకుని ఫైట్‌లో చింపేశాడు. ఇదొక్కటే మిగిలింది. రేపు హీరో ఇదే షర్టుతో మెట్లు దిగాలి. శనివారం ఆఖరి షాటుకి కలవాలి." కళ్లు తుడుచుకుని ఫోనులో వెతకడం మొదలుపెట్టింది. "నేను తీసిన ఫోటోల్లో ఆయన గుండె మీద చెయ్యి పెట్టుకుని ఉన్నాడు. మరక పైభాగం చేతి వెనకే ఉండిపోయింది. ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉందో నాకు సరిగ్గా గుర్తు లేదు. అయిపోయిందమ్మా. త్రినాథ్ గారు ఇంకెవరినో తీసుకెళ్తారు అరకుకి."

నా జాకెట్లో ఫోను ఉంది. అందులో ఏడు ఫోటోలున్నాయి.

ఒక విషయం ఉన్నదున్నట్టు చెప్పుకోవాలి. ఆ క్షణాన నేను నోరు విప్పలేదు. అరకు ఉండదు. ఘాట్ రోడ్డు ఉండదు. ఎన్నాళ్లుగానో అడుగుతున్నదే దొరికింది. నేను చేయాల్సింది ఏమీ లేదు, ఊరికే ఉండడమే. నాలుగు రోజులు ఏడుస్తుంది, తర్వాత ఏ బట్టల షాపులోనో కుదురుకుంటుంది, సాయంత్రం ఏడింటికల్లా ఇంట్లో ఉంటుంది. నేను దాని పక్కన కూర్చుని, వీపు మీద చెయ్యి వేసి, ఊరికే ఉన్నాను.

అది ఫోను వేలితో తోస్తూ పోతోంది. షర్టులు, చీరలు, చెప్పులు, గాజులు. ఉన్నట్టుండి మా సందు కనిపించింది. కరెంటు వైరు. గ్యాస్ నాబ్. అరటితొక్క. పసిపిల్ల సాక్సు. నేను పంపినవన్నీ తారీఖు వారీగా ఒకేచోట పెట్టుకుంది. పైన ఇంగ్లీషులో ఏదో రాసి ఉంది. కూడబలుక్కుని చదివాను. అమ్మ కంటిన్యుటీ.

"ఇవెందుకే ఇందులో?"

"తప్పు ఫోల్డర్లోకి వెళ్లా." ముక్కు ఎగబీల్చింది. "రోజూ చూసుకుంటా. నీకేమైనా అయితే చెప్పవుగా నువ్వు. ఇదిగో, ఆగస్టులో బియ్యం డబ్బా ఫోటో పంపావు. పక్కన నీ కళ్లజోడు ఉంది, కాడకి దారం చుట్టి. ముందురోజు ఫోటోలో దారం లేదు. పడ్డావు కదా ఆ రోజు?"

పడ్డాను. నీళ్ల బిందెతో మెట్ల మీద. దానికి చెబితే కంగారు పడుతుందని చెప్పలేదు. ఆ రాత్రి అది ఊరికే నా మోకాళ్లకు మందు రాస్తానని కూర్చుంటే, ఇదేం ప్రేమ ఇవాళ అనుకున్నాను.

నేను దాని ఫోటోల్లో మూలలు వెతికినట్టే, అదీ నా ఫోటోల్లో మూలలు వెతుకుతోందన్నమాట, జూన్ నుంచీ.

జాకెట్లోంచి ఫోను తీసి దాని ఒళ్లో పెట్టాను.

"చూడు. పోలీసులొస్తే చూపిద్దామని తీశాను."

అది ఒక్కొక్కటీ తోసింది. మొత్తం షర్టు. మరక. జేబు. పెద్దది చేసి చూసింది. మరక పక్కన నా టేపు కనిపించగానే దానికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

"కొలత కూడా పెట్టావా! పదకొండు అంగుళాలు! అమ్మా, మా యూనిట్లో ఎవరూ ఇంత బాగా తీయరే."

"విరిగిన గుండీ కూడా ఉంది. నా గుండీల డబ్బాలో వేశాను. పారెయ్యలేదు."

ముందు త్రినాథరావు గారికి ఫోన్ చెయ్యాలంది. ఆయనకు చెప్పకుండానే చేసేద్దామన్నాను నేను. వినలేదు. స్పీకర్ పెట్టింది.

"ఉతికిందెవరు?" అన్నారాయన.

"మా అమ్మండీ. తప్పు నాది మాస్టారూ, సంచి మీద చీటీ పెట్టలేదు. ఉతక్కముందు తీసిన ఫోటోలున్నాయి. ఇవాళే మళ్లీ చేస్తాను."

"చీటీ పెట్టకపోవడం తప్పే. రేపు ఆరింటికి నా చేతిలో పెట్టు. నా కంటికి తేడా కనిపిస్తే అరకు లిస్టులో నీ పేరుండదు. తర్వాత నన్నేం అడగొద్దు." ఫోను పెట్టేయబోతూ, "మరక నిజంగా పోయిందా?" అన్నారు.

"పూర్తిగా పోయిందండీ."

"సినిమా రక్తం అంత సులువుగా పోదే! ఏం వాడారో అమ్మగారిని అడుగు."

"నిమ్మచెక్క" అన్నాను, నన్ను అడగకపోయినా.

ఆ ఆదివారం నేను ఆరాధనకు వెళ్లలేదు. పంచదార పాకం పట్టాను. ఫెబా అందులో ఎర్ర రంగూ, చిటికెడు కాఫీపొడీ కలిపి, చెంచాతో సాగదీసి చూసింది. మోచేతికి మేడ మీది కుండీలో మట్టి. ఉతికాక షర్టు మరీ తెల్లబడిందని అచ్యుతరామయ్య గారు టీ డికాషన్ కాచి ఇచ్చారు. ఫోటో ముందు పెట్టుకుని ఆయనొక పక్క నుంచి జడ్జిలా, "ఎడమకి ఇంకొంచెం... ఆ, చాలు" అంటూ నిలబడ్డారు.

గుండీ నేనే వేశాను. జేబు దగ్గర ఆగిపోయాను. కుట్లు విప్పడం నాకు కొత్త కాదు. బాగున్న బట్టను చింపడం మాత్రం పుట్టి ఎరగను. 

"నువ్వే లాగమ్మా" అంది ఫెబా. "ఆ దారం సంగతి నీకే తెలుసు."

కళ్లు మూసుకుని లాగాను. ఫోటోలో ఎంత వేలాడుతోందో, అంతే వేలాడింది.

అరకు గురించి మెట్ల మీద నేను ఊరికే కూర్చున్న ఆ కాసేపటి సంగతి ప్రభువుకు చెప్పుకున్నాను. దానికి చెప్పలేదు.

సోమవారం ఐదున్నరకే వెళ్లిపోయింది. సంచి మీద పిన్నుతో పెద్ద చీటీ: ఉతకరాదు. ఆ అక్షరాలు నావి.

ఒంటిగంటయింది. ఫోటో రాలేదు. కుట్టాల్సిన చీర ముందు పెట్టుకుని ఫోను వైపే చూస్తున్నాను. ఒంటిగంటన్నర. కనిపెట్టేసి ఉంటారు. అందరి ముందూ తిట్టి ఉంటారు. అది బయటికి వచ్చేసి, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టు దగ్గర రోడ్డు దాటుతూ, కళ్లలో నీళ్లు, ఎదురుగా బస్సు... లేచి చెప్పులు వేసుకున్నాను. ఆటోకు డబ్బులు తీసుకున్నాను. గ్యాస్ ఆపానో లేదో మళ్లీ చూసి వచ్చాను.

రెండూ పదికి ఫోను మోగింది.

స్టీలు ప్లేటులో సాంబారన్నం, అప్పడం. ప్లేటు అంచు పట్టుకున్న చెయ్యి. ఈసారీ ముఖం లేదు. కింద రాసింది: "షాట్ ఓకే. త్రినాథ్ గారు షర్టు అటూ ఇటూ తిప్పి నిమ్మచెక్క అని నవ్వారు. లిస్టులో ఉన్నా. బ్రేక్ లేటుగా చెప్పారమ్మా, ఆటో ఎక్కకు."

మూలలు వెతికాను. వైర్లు లేవు. నిచ్చెన లేదు. బొటనవేలి గోరు సందులో మాత్రం ఎర్రటి రంగు ఇంకా పోలేదు.

"చెయ్యి కడుక్కుని తిను" అని మెసేజ్ కొట్టాను.

చెప్పులు విడిచి, బీరువా అడుగు నుంచి దాని పాత స్వెట్టర్ తీశాను. అరకులో చలి మామూలుగా ఉండదు. ఎడమ మోచేతి దగ్గర చిల్లు. సూదిలో దారం ఎక్కించాను. ఎక్కించి, ఆగాను.

స్వెట్టర్‌ను కిటికీ దగ్గర మంచం మీద పరిచి, చిల్లు పక్కన టేపు పెట్టి ఫోటో తీసి పంపాను. అది ఆ రోజు నా వంతు ఫోటో.

"ఇది కుట్టొచ్చా?" అని అడిగాను.